వలస బతుకుల ఫొటోగ్రఫీ: పోర్ట్రెయిట్, డాక్యుమెంటరీ కలిసే చోటు

బతుకుతెరువు కోసం పరాయి చోటికి వెళ్లిన మనుషుల్లో చాలామంది అక్కడ ఎవరి కంటా పడరు. కాగితాలు లేనివారు పోలీసులకు చిక్కకుండా మసలుతారు. ఇంటిపనికి కుదిరిన ఆడవాళ్లు యజమాని గడప దాటి బయటికి రారు. కట్టడాల పనివాళ్లు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, చీకటి పడ్డాక ఊరి చివరి క్యాంపుకు చేరతారు. ఇలాంటి జీవితాలను చూపడానికి గత నూటముప్పై ఏళ్లలో ఫొటోగ్రాఫర్లు రకరకాల దారులు వెతికారు. వాటిలో బాగా నిలబడింది పోర్ట్రెయిట్‌నూ డాక్యుమెంటరీనీ ఒకే పనిలో కలపడం. పోర్ట్రెయిట్ అంటే మనిషి తనను ఫొటో తీస్తున్నారని తెలిసి, ఒప్పుకుని, తనకు నచ్చినట్టు నిలబడి తీయించుకునేది. డాక్యుమెంటరీ అంటే ఆ మనిషి పడుకునే మంచం, చేసే పని, తీర్చవలసిన అప్పు, వెనక వదిలివచ్చిన ఇల్లు, వీటన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు నమోదు చేసేది.

రెండింట్లో ఏ ఒక్కటీ ఈ పనికి చాలదు. పోర్ట్రెయిట్ ఒక్కటే ఉంటే ముఖం గంభీరంగా, అందంగా కనిపిస్తుంది గానీ ఆ మనిషి అక్కడ ఎందుకున్నాడో తెలియదు. డాక్యుమెంటరీ ఒక్కటే ఉంటే పడవ నిండా జనం, కంచె పట్టుకున్న చేతులు, గుంపులు కనిపిస్తాయి. ఆ గుంపులో ఎవరికీ పేరుండదు. పత్రికలు వలసను వరదతో పోల్చే అలవాటుకు ఇలాంటి చిత్రాలు ఊతమిస్తాయి. రెండూ కలిసిన చోట చూసేవారు ఒక మనిషినీ, ఆ మనిషిని అక్కడికి నెట్టిన పరిస్థితినీ ఒకేసారి ఎదుర్కోవలసి వస్తుంది.

కాగితం మీది ముఖం

వలసమనిషి ముఖాన్ని ఒక పద్ధతి ప్రకారం ఫొటో తీయించింది మొదట ప్రభుత్వాలే, అదీ నిఘా కోసం. మారిషస్ చెరకు తోటలకు 1834 నుంచి భారతదేశపు ఒప్పంద కూలీలను తరలించారు. 20వ శతాబ్దం తొలి దశకాలు ముగిసేసరికి అలా చేరినవారు దాదాపు ఐదు లక్షలు. వారిలో కోరంగి, విశాఖ తీరాల నుంచి, మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారు ఉన్నారు. 1867 నాటి కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలీలు తమ ఫొటో అంటించిన పాసు వెంట పెట్టుకుని తిరగాలి. పాసు లేకుండా దొరికితే జైలు. ఆ కాలపు ఫొటోలు ఇప్పుడు మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన వలస పత్రాల్లో ఉన్నాయి. వాళ్ల మునిమనవలు అక్కడికి వెళ్లి తమ పూర్వీకుల రూపం తొలిసారి చూసుకుంటున్నారు. పోలీసు అవసరానికి తీసిన ఫొటోయే ఆ కుటుంబానికి మిగిలిన ఒకే ఒక్క పోర్ట్రెయిట్.

అమెరికాలోనూ అంతే. 1892 నాటి గియరీ చట్టం చైనా కార్మికులు నివాస ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలని శాసించింది. మరుసటి ఏడు దానికి ఫొటో కూడా జోడించారు. అప్పటికి ఇంకే వలసజాతికీ ఆ నిబంధన లేదు.

ఈ చరిత్రను మరచిపోతే తర్వాత వచ్చిన ఫొటోగ్రాఫర్ల పని సగమే అర్థమవుతుంది. కెమెరా ముందు నిలబడమంటే వలసమనిషి జంకడానికి కారణం సిగ్గు కాదు, అనుభవం. అంతకుముందు తన ముఖం అడిగినవారంతా తనను పట్టుకోవడానికో, లెక్క పెట్టడానికో, వెనక్కి పంపడానికో అడిగినవారు.

న్యూయార్క్: ఫ్లాష్ వెలుగు, ఎల్లిస్ ద్వీపం

దాగిన వలస బతుకులను లోకానికి చూపాలన్న పట్టుదలతో కెమెరా పట్టినవారిలో జేకబ్ రీస్‌ది తొలి పేరు. ఆయనా వలస వచ్చినవాడే. 1849లో డెన్మార్క్‌లో పుట్టి, 1870లో అమెరికా చేరి, పని దొరక్క పస్తులుండి, చివరికి పోలీసు వార్తల విలేఖరి అయ్యాడు. 1887లో జర్మనీలో మెగ్నీషియం ఫ్లాష్ పొడి తయారైందని తెలియగానే, న్యూయార్క్ మురికివాడల చీకటి గదుల్లోకి కెమెరాతో వెళ్లవచ్చని గ్రహించాడు. ఆ పొడిని వెలిగించడం ప్రమాదకరమే. దానివల్ల రెండుసార్లు ఇంటికీ, ఒకసారి తనకూ నిప్పంటుకుందని ఆయనే రాసుకున్నాడు. బేయర్డ్ వీధిలో రాత్రికి ఐదు సెంట్లిచ్చి నేల మీద చోటు కొనుక్కున్న వలస కూలీలను 1889లో తీసిన ఫొటో ఇప్పటికీ ఆ కాలానికి గుర్తుగా నిలిచింది. మరుసటి ఏడు వచ్చిన ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ పుస్తకం అద్దె ఇళ్ల చట్టాల సంస్కరణకు బలమిచ్చింది.

అయితే ఆ ఫొటోలోని మనుషులు నిద్రలో ఉలిక్కిపడి లేచినవారు. కళ్లు చికిలించి, ఒళ్లు కప్పుకోబోతూ దొరికిపోయారు. వాళ్లను ఎవరూ అనుమతి అడగలేదు. పైగా రీస్ తన పుస్తకంలో ఇటాలియన్లు, యూదులు, చైనావాళ్ల గురించి రాసిన మాటల్లో ఆ కాలపు జాతి దురభిప్రాయాలన్నీ ఉన్నాయి. ఉద్దేశం మంచిదే, ఫలితమూ కొంత మంచిదే. అయినా అది దాడి చేసి తెచ్చిన సాక్ష్యం. పోర్ట్రెయిట్‌కు కావలసిన మర్యాద అందులో లేదు.

ఆ మర్యాదను తెచ్చినవాడు లూయిస్ హైన్. న్యూయార్క్‌లో బడిపంతులుగా ఉంటూ 1904 నుంచి ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రానికి కెమెరాతో వెళ్లాడు. 1907లో ఆ ఒక్క ఏడాదే పది లక్షలకు పైగా మనుషులు ఆ కేంద్రం గుండా దేశంలోకి అడుగుపెట్టారు. ఆ తొక్కిసలాటలో హైన్ పని చేసిన తీరు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. భాష రాదు, కాబట్టి సైగలతోనే ఒకరిని ఆపాలి. కెమెరా స్టాండు నిలబెట్టి, దృశ్యం సరిచూసుకుని, గాజు పలకను అమర్చి, పొడి వెలిగించాలి. అది భగ్గుమన్నాక గదంతా పొగ. రెండో అవకాశం ఉండదు. ఆ ఒక్క క్షణం కోసం ఎదుటి మనిషి కదలకుండా, నమ్మి నిలబడాలి. 1905లో తీసిన ఇటాలియన్ తల్లీబిడ్డల చిత్రంలో ఆ నమ్మకం కనిపిస్తుంది. చుట్టూ మూటలు, కటకటాల వంటి అడ్డుగోడలు, నిరీక్షణ ఉన్నా చూపు ఆ తల్లి ముఖం దగ్గరే ఆగుతుంది.

అదే ద్వీపంలో గుమాస్తాగా పనిచేసిన అగస్టస్ షెర్మన్ కూడా తీరిక వేళల్లో వలసవచ్చినవారిని ఫొటోలు తీశాడు. విచారణ కోసం నిలిపివేసినవారిని వాళ్ల దేశపు పండగ బట్టలు వేయించి నిలబెట్టేవాడు. చిత్రాలు చూడముచ్చటగా ఉంటాయి. చాలావాటి కింద మాత్రం పేరుకు బదులు జాతి, వృత్తి రాసి ఉంటాయి.

నిపోమో, 1936

ఈ సంప్రదాయానికంతటికీ అత్యంత ప్రసిద్ధమైన చిత్రం, అత్యంత చిక్కుముడి కూడా, డొరొతియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’. లాంగ్ దాదాపు పదిహేనేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో సంపన్నుల పోర్ట్రెయిట్లు తీస్తూ స్టూడియో నడిపింది. ఆర్థిక మాంద్యం వచ్చాక కిటికీలోంచి రొట్టె కోసం వరసకట్టిన నిరుద్యోగులను చూసి కెమెరాతో వీధిలోకి దిగింది. 1935లో ప్రభుత్వ పునరావాస సంస్థలో చేరి, కరువుకూ అప్పులకూ భూములు పోగొట్టుకుని కాలిఫోర్నియాకు తరలివచ్చిన రైతుకూలీలను చిత్రించింది. స్టూడియోలో నేర్చిన విద్య అక్కడ అక్కరకొచ్చింది. మనిషిని తొందరపెట్టకుండా దగ్గరికి చేరడం, చేతులు ఎక్కడున్నాయో గమనించడం, వెనకనున్న చెత్తను చట్రంలోంచి తప్పించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

1936 మార్చిలో నిపోమో దగ్గర బఠానీ కోత కూలీల క్యాంపులో ఒక గుడారం ముందు ఆగింది. కొన్ని ఫొటోలు తీసింది, ఒక్కో ఫొటోకూ ఇంకాస్త దగ్గరికి జరిగింది. మొదటి వాటిలో గుడారం, పెట్టె, కుర్చీ, చుట్టూ నేల ఉన్నాయి. చివరిదానిలో తల్లి ముఖం, చెక్కిలి దగ్గర చేయి, ముఖం తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసికందు మాత్రమే మిగిలారు. ఈ వరసను పక్కపక్కన పెట్టి చూస్తే డాక్యుమెంటరీ మెల్లమెల్లగా పోర్ట్రెయిట్‌గా మారడం కళ్ల ముందే జరుగుతుంది. ఫొటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో రాగానే ఆ క్యాంపుకు ఇరవై వేల పౌన్ల ఆహారం చేరింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది.

లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆ సంగతి తర్వాత తానే రాసింది. నలభై రెండేళ్లకు, 1978లో, ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది. ఆమె చెరోకీ ఆదివాసి స్త్రీ. తన బొమ్మ అంత ప్రసిద్ధమైనా తనకు దాని వల్ల ఒరిగిందేమీ లేదనీ, ఆ ఫొటో తీయించుకోకుండా ఉంటే బాగుండేదనీ ఆమె బాధపడింది. ప్రభుత్వ పని కాబట్టి ఫొటో మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1983లో ఆమె జబ్బుపడినప్పుడు పిల్లలు విరాళాలకు పిలుపునిస్తే, ఆ బొమ్మను ఎరిగిన జనం దేశమంతటి నుంచీ డబ్బు పంపారు.

నా దృష్టిలో ఇది లాంగ్ ఒక్కరి తప్పు కాదు. తెల్లజాతి పేదరైతు తల్లికి ప్రతీక కావాలని అప్పటి సంస్థ కోరుకుంది. ఒక ఆదివాసి స్త్రీ చరిత్ర, ఆమె పేరు, ఆ ప్రతీకకు అడ్డం వచ్చేవి. అయినా అదే లాంగ్ 1939లో భర్త పాల్ టేలర్‌తో కలిసి చేసిన ‘యాన్ అమెరికన్ ఎక్సోడస్’ పుస్తకంలో వలసకూలీలు చెప్పిన మాటలను వారి మాటల్లోనే ఫొటోల పక్కన అచ్చువేసింది. ముఖం పక్కన గొంతు ఉండాలన్న నియమం ఈ రంగంలో అక్కడి నుంచే బలపడింది.

చింపిన ఫొటో

యూరప్‌లో ఈ పనికి పునాది వేసిన పుస్తకం 1975లో వచ్చింది. రచయిత జాన్ బెర్జర్, జెనీవాకు చెందిన ఫొటోగ్రాఫర్ ఝాన్ మోర్ కలిసి చేసిన ‘ఎ సెవెంత్ మ్యాన్’. అప్పట్లో జర్మనీలో ప్రతి ఏడుగురు కాయకష్టపు కార్మికుల్లో ఒకరు వలసవచ్చినవారు, పేరు అందుకే. టర్కీ, పోర్చుగల్, యుగోస్లావియా ఊళ్ల నుంచి ఫ్యాక్టరీలకూ సొరంగాలకూ వచ్చినవారి ప్రయాణాన్ని పుస్తకం వెంబడిస్తుంది. ఇస్తాంబుల్‌లో జర్మన్ వైద్యులు పనివాళ్లను వరసగా నిలబెట్టి, బట్టలు విప్పించి, ఒంటి మీద నంబర్లు రాసి పరీక్షిస్తున్న మోర్ ఫొటోలు చూసినవారు మరచిపోరు.

అదే పుస్తకంలో బెర్జర్ ఒక సంగతి చెబుతాడు. పోర్చుగల్ నుంచి దొంగచాటుగా ఫ్రాన్స్ వెళ్లేవారు బయలుదేరే ముందు ఒక ఫొటో తీయించుకునేవారు. దాన్ని నిలువునా రెండు ముక్కలుగా చింపి, ఒక సగం సరిహద్దు దాటించే మనిషికిచ్చి, ఇంకో సగం తమ దగ్గర దాచుకునేవారు. కొండలు దాటి క్షేమంగా చేరాక తమ సగాన్ని ఇంటికి పంపేవారు. దాటించినవాడు తన సగం తీసుకుని అదే ఇంటికి వచ్చేవాడు. రెండు ముక్కలూ అతికితేనే ఇంటివారు అతనికి డబ్బు చెల్లించేవారు. దారిలో ముంచేసే దళారుల మోసానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు అది. చదువురాని పల్లెటూరి మనుషులు ఒక పోర్ట్రెయిట్‌నే రసీదుగా, క్షేమ సమాచారంగా, ఒప్పంద పత్రంగా వాడుకున్నారు. ఈ రంగంలో కళాకారులెవరూ ఇంతకన్నా పదునైన ఆలోచన చేయలేదనే నా నమ్మకం.

అదే దశకంలో జర్మనీలో కాండిడా హోఫర్ 1972 నుంచి 1979 దాకా టర్కీ కార్మిక కుటుంబాలను వారి ఇళ్లలో, కూరగాయల దుకాణాల్లో, పార్కుల్లో చిత్రించింది. జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని పనివాళ్లను పిలిపించింది, 1973లో తలుపు మూసింది. తాత్కాలికపు అతిథులనుకున్నవారు అప్పటికే గోడలకు పటాలు కట్టి, సోఫాలు కొని కాపురాలు పెట్టుకున్నారు. హోఫర్ చిత్రాల్లో మనుషులు నిదానంగా కెమెరా వైపు చూస్తుంటారు.

సగం న్యూయార్క్‌లో, సగం ఫూజియన్‌లో

1993 జూన్‌లో ‘గోల్డెన్ వెంచర్’ అనే ఓడ 286 మంది చైనావాళ్లతో న్యూయార్క్ తీరంలో ఇసుకమేటకు తగిలింది. నీళ్లలోకి దూకినవారిలో పదిమంది చనిపోయారు. ఫూజియన్ రాష్ట్రం నుంచి మనుషులను ఎలా చేరవేస్తున్నారో అమెరికాకు తెలిసింది ఆ రాత్రే. అంతకు ఏడాది ముందే తైవాన్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ చెన్-చీ చాంగ్ న్యూయార్క్ చైనాటౌన్‌లో వీరి మధ్య పని మొదలుపెట్టాడు.

హోటళ్లలో గిన్నెలు కడుగుతూ, కూరగాయలు తరుగుతూ, దొంగదారిన తెచ్చిన దళారులకు వేలకు వేల డాలర్ల అప్పు తీరుస్తున్న మగవాళ్లు వాళ్లు. ఇరుకు గదుల్లో అంచెలంచెల మంచాలు, ఒకరు పనికి వెళ్తే ఇంకొకరు పడుకోవడం. పేరు పొందిన ఒక ఫొటోలో, వేసవి ఉక్కకు తట్టుకోలేక ఒకతను లోదుస్తులతో అగ్నిప్రమాదంలో దిగిపోవడానికి గోడ బయట కట్టిన మెట్ల మీదికి వచ్చి కూర్చుని నూడుల్స్ తింటుంటాడు. కింద వీధి, చుట్టూ ఇనుప చువ్వలు. ఇంట్లో ఉన్నట్టూ కాదు, బయట ఉన్నట్టూ కాదు.

చాంగ్ అక్కడితో ఆగలేదు. ఆ మగవాళ్ల కుటుంబాలను వెతుక్కుంటూ ఫూజియన్ వెళ్లాడు. న్యూయార్క్ జీవితాన్ని నలుపు తెలుపుల్లో తీసినవాడు అక్కడి భార్యాపిల్లలను రంగుల్లో తీశాడు. డాలర్లతో కట్టుకున్న కొత్త ఇళ్ల ముందు, వరండాల్లో, వాళ్లు నిలబడి ఉంటారు. నాన్న ముఖం గుర్తులేని పిల్లలు, పదేళ్లుగా మొగుణ్ని చూడని ఇల్లాళ్లు. ఒకే సంసారం రెండు రకాల ఫిల్ములుగా విడిపోయింది. వలసకు ఖర్చయ్యేది డబ్బొక్కటే కాదు, కాలం కూడా అని ఇంత సూటిగా చెప్పిన పని మరొకటి నాకు తెలియదు. ఏళ్లకేళ్లు తిరిగి తిరిగి వెళ్లడం వల్లనే ఇది సాధ్యమైంది. ఒక్క వారం ఉండి వచ్చే పత్రికా ఫొటోగ్రాఫర్‌కు ఆ గదుల తలుపులు తెరుచుకునేవి కావు.

అదే న్యూయార్క్‌లో మెక్సికో ఫొటోగ్రాఫర్ దుల్సే పిన్సోన్ ఇంకో దారి పట్టింది. మెక్సికో నుంచి వచ్చిన పనివాళ్లకు సూపర్‌హీరోల దుస్తులు తొడిగి, వారి పని చోటనే ఫొటోలు తీసింది. అద్దాలు తుడిచే కార్మికుడు స్పైడర్‌మ్యాన్, సైకిల్ మీద భోజనం చేరవేసే కుర్రాడు సూపర్‌మ్యాన్, పిల్లల ఆయా క్యాట్‌వుమన్. ప్రతి చిత్రం కిందా పేరు, సొంతూరు, వారానికి ఇంటికి ఎంత పంపుతున్నారో డాలర్లలో ఉంటుంది. వేషం కట్టించినా ఇది డాక్యుమెంటరీయే. ఆ అంకెలోనే దాని బరువంతా ఉంది.

నెదర్లాండ్స్‌లో రీనెకె దైక్‌స్ట్రా 1994లో శరణార్థి కేంద్రంలో ఒక ఆరేళ్ల బోస్నియా పాపను కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. 2008 దాకా ఆ అమ్మాయినే మళ్లీమళ్లీ తీస్తూ వచ్చింది. మొదటి చిత్రంలో కాళ్లు నేలకు అందవు. చివరిదానిలో ఆమె చేతిలో సొంత బిడ్డ. చట్రంలో కుర్చీ, మనిషి తప్ప దాదాపు ఏమీ ఉండదు. కాలమే అక్కడ డాక్యుమెంటరీ పాత్ర పోషిస్తుంది.

పేరు రాయడం

సెబాస్టియావ్ సల్గాడో పేరు ఎత్తకుండా వలస ఫొటోగ్రఫీ గురించి మాట్లాడలేం. 2000లో వెలువడిన ఆయన ‘మైగ్రేషన్స్’ దాదాపు నలభై దేశాల్లో చేసిన పని. అందులో జనసముద్రాలు పురాణ దృశ్యాల్లా ఉంటాయి. అంత దుఃఖాన్ని అంత అందంగా తీయవచ్చా అన్న విమర్శ ఆయనను జీవితాంతం వెన్నాడింది. విమర్శకురాలు సూసన్ సాంటాగ్ 2003లో అంతకన్నా సూక్ష్మమైన ప్రశ్న వేసింది: క్యాప్షన్లలో ఈ మనుషుల పేర్లు ఎందుకు లేవు? ప్రముఖుల ఫొటోకు పేరు తప్పనిసరి అయినప్పుడు, పేదల ఫొటోకు వారి జాతి, కష్టం రాస్తే సరిపోతుందా?

‘మైగ్రేషన్స్’ వచ్చిన 2000లోనే సల్గాడో ‘ది చిల్డ్రన్’ అనే ఇంకో పుస్తకం తెచ్చాడు. అది పుట్టిన తీరు ముచ్చటైనది. శిబిరాల్లో పిల్లలు చుట్టుముట్టి పని సాగనిచ్చేవారు కాదు. ఒక్కొక్కరికీ ఒక ఫొటో తీస్తాను, తర్వాత నన్ను నా పని చేసుకోనివ్వండి అని ఆయన బేరం పెట్టాడు. వరసలో నిలబడి, తమ వంతు రాగానే ఒంటరిగా కెమెరా ముందుకొచ్చిన పిల్లల ముఖాల్లో అల్లరి మాయమై ఏదో పెద్దరికం వచ్చింది. పెద్ద పుస్తకంలోని జనసముద్రాలు చెప్పలేని మాట ఈ చిన్న పుస్తకం చెబుతుంది.

పేరు విషయంలో మొదటి నుంచీ పట్టుదలగా ఉన్నవాడు ఫజల్ షేక్. 1992లో కెన్యాలోని సోమాలియా శరణార్థి శిబిరాలకు వెళ్లినప్పుడు, విమానాల్లో దిగి గంటల్లో ఫొటోలు తీసుకుని వెళ్లే విలేఖరులను చూశాడు. ఆయన మాత్రం పెద్దల దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాడు, అక్కడే ఉండిపోయాడు, ఎలా నిలబడాలో వాళ్లకే వదిలేశాడు. చిత్రాల కింద వారి పేర్లు రాశాడు. ఆకలితో ఉన్న పిల్లలకు ఆహారమిచ్చే కేంద్రంలో తల్లి తన బిడ్డతో కూర్చున్న ఫొటో కూడా ఆయన చేతిలో కుటుంబ పటంలా గౌరవంగా ఉంటుంది.

జిమ్ గోల్డ్‌బర్గ్ 2003 నుంచి గ్రీస్‌లోనూ ఇతర చోట్లా వలసవచ్చినవారిని తీసి, ఆ పోలరాయిడ్ల మీద వాళ్ల చేతే రాయించాడు. కొందరు తమ కథ రాశారు, కొందరు బొమ్మలు గీశారు, ఒకరిద్దరు తమ ముఖాన్నే గీకేశారు. సీజర్ దెజ్‌ఫూలీ చేసిన పని నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. 2016 ఆగస్టు 1న లిబియా తీరానికి దూరంగా ఒక రబ్బరు పడవ నుంచి కాపాడిన 118 మందికి, రక్షణ నౌక ఎక్కిన కొన్ని నిమిషాల్లోనే ఒక్కొక్కరికీ పోర్ట్రెయిట్ తీశాడు. తర్వాత ఏళ్ల తరబడి యూరప్ అంతా తిరిగి వాళ్లను వెతికి, ఎక్కడ ఉంటున్నారో, ఏం పని చేస్తున్నారో నమోదు చేశాడు. ‘ప్యాసెంజర్స్’ అని దాని పేరు. సముద్రం మీద వార్త ముగిసిన చోట ఈ పని మొదలవుతుంది.

ముఖం చూపకుండా

పేరూ ముఖమూ ఇవ్వడమే గౌరవం అనుకుంటే, అవి ఇవ్వడమే ప్రమాదమైనవారి సంగతేమిటి? కాగితాలు లేని మనిషి ఫొటో ఒక గ్యాలరీ గోడ మీద ఉంటే పోలీసుకూ అది దొరుకుతుంది, యజమానికీ దొరుకుతుంది, సొంతూళ్లో అప్పిచ్చినవాడికీ దొరుకుతుంది. ముఖాలను పోల్చే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాక పదేళ్ల నాటి ఫొటో కూడా సురక్షితం కాదు. ఫోన్ తీసే చిత్రంలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చని చాలామంది ఫొటోగ్రాఫర్లకే ఆలస్యంగా తెలిసింది.

అందుకే ముఖం లేని పోర్ట్రెయిట్ ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ మాత్యూ పెర్నో 2009లో పారిస్‌లో తెల్లవారుజామున దుప్పట్లు నిండా కప్పుకుని నేల మీద పడుకున్న అఫ్గాన్ కుర్రవాళ్లను తీశాడు. అరిజోనాలో సరిహద్దు గస్తీ కేంద్రంలో పారిశుద్ధ్య పనివాడిగా చేసిన టామ్ కీఫర్, దాటివచ్చినవారి దగ్గర గుంజుకుని చెత్తబుట్టలో వేసిన జపమాలలు, దువ్వెనలు, పర్సులు, సబ్బులు ఏరి తెచ్చి, ఒక్కో వస్తువునూ మనిషి బొమ్మంత శ్రద్ధగా ఫొటో తీశాడు. రిచర్డ్ మోస్ 2017లో ప్రదర్శించిన ‘ఇన్‌కమింగ్’ కోసం ముప్పై కిలోమీటర్ల దూరం నుంచే మనిషి ఒంటి వేడిని పసిగట్టే సైనిక కెమెరా వాడాడు. ముఖాలు గుర్తుపట్టలేని వేడి మచ్చలవుతాయి. నిఘా యంత్రాన్నే సాక్ష్యానికి వాడడం తెలివైన పనే. కానీ అంత దూరం నుంచి తీసినప్పుడు ఎదుటివారి అనుమతి అన్న మాటే ఉండదు, ఆ లోటు నన్ను ఇబ్బంది పెడుతుంది.

పద్ధతిగా పనిచేసేవారు ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటిస్తున్నారు. అనుమతి ఒకసారి సంతకంతో ముగిసేది కాదు, అచ్చుకు ముందు మళ్లీ అడగాలి, ఎప్పుడు వద్దన్నా తీసేయాలి. ముఖం ఎంత కనిపించాలో, ఏ పేరు వాడాలో ఫొటోలోని మనిషే నిర్ణయించాలి. ఒక ప్రతి వాళ్ల చేతికి ఇవ్వాలి. వినడానికి తేలికే గానీ, మేస్త్రీ పక్కనే నిలబడి ఉండగా కూలీ చెప్పిన ‘సరే’కు విలువెంత అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

తెలుగు నేల, గల్ఫ్ దారి

తెలంగాణలో వలస గురించి మాట్లాడితే ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మాట వస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి మగవాళ్లు గల్ఫ్ దేశాల్లో కట్టడాల పనికీ, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్‌లో ఇంటిపనికీ దశాబ్దాలుగా వెళ్తున్నారు. కఫీల్ (అక్కడి యజమాని) చేతిలో పాస్‌పోర్టు, అకామా (నివాస అనుమతి) గడువు, ఆజాద్ వీసా పేరిట ఏజెంట్ల మోసం, కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి కాగితాలు లేకుండా కల్లివల్లిగా బతకడం, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే ఔట్‌పాస్ కోసం ఎదురుచూపు, ఇవి ఆ ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాటలు.

ఇంత పెద్ద వలసకు మన దగ్గర మిగిలిన ప్రధానమైన చిత్రం పాస్‌పోర్టు సైజు ఫొటో. మండల కేంద్రంలోని స్టూడియోలో తెల్లటి తెర ముందు, తల దువ్వుకుని, గుండీలు పెట్టుకుని తీయించుకున్నది. అదే వీసా కాగితం మీద, అదే ఏజెంటు ఫైల్లో ఉంటుంది. శంషాబాద్ విమానాశ్రయానికి శవపేటిక వచ్చిన రోజున జిల్లా పేజీలో రెండు వాక్యాల వార్త పక్కన అచ్చయ్యేదీ అదే. ఆ మనిషి అక్కడ ఏ గదిలో పడుకున్నాడో, ఏ ఎండలో పనిచేశాడో చూపే ఫొటో ఆ వార్తలో ఉండదు. ఇంకో వైపు, అదే స్టూడియోల్లో దూరాన ఉన్న తండ్రి పంపిన ఫొటోను ఇక్కడి తల్లీపిల్లల ఫొటోకు కంప్యూటర్‌లో కలిపి ఒక్క కుటుంబ చిత్రంగా చేసిస్తారు. చాంగ్ రెండు ఖండాలు తిరిగి చూపిన ఎడబాటును ఈ స్టూడియోలు తమ పద్ధతిలో పూడుస్తున్నాయి. ఇలాంటి చిత్రాలను శ్రద్ధగా సేకరిస్తే గల్ఫ్ వలసకు మంచి దృశ్య చరిత్ర తయారవుతుంది.

తెలుగు నేలకు వచ్చే వలస సంగతి ఇంకా తక్కువగా కనిపిస్తుంది. ఒడిశా నుంచి వచ్చి మన ఇటుక బట్టీల్లో పనిచేసే కుటుంబాలు బట్టీ పక్కనే గుడిసెల్లో ఉండి, ముందు తీసుకున్న బయానా తీరేదాకా కదలరు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1993–2002 మధ్య పది రాష్ట్రాల్లో తీసిన ఫొటోలతో చేసిన ‘విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్’ ప్రదర్శనలో ఆంధ్రప్రదేశ్ బట్టీలో తల మీద ఇటుకలు మోస్తున్న ఒడిశా స్త్రీలు ఉన్నారు. ఆయన 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత వేదిక ‘పరి’ జిల్లాజిల్లాకూ ముఖచిత్రాలు సేకరిస్తోంది. పాలమూరు నుంచి ముంబైకి కూలీలను మోసుకెళ్లిన బస్సు గురించి తెలుగువారికి గుర్తుండేలా రాసిందీ ఆయనే.

దేశంలోపలి వలసలో ఒక్క ముఖానికి ఎంత బలముందో కొవిడ్ కాలం చూపింది. 2020 మే నెలలో పీటీఐ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ అతుల్ యాదవ్ ఢిల్లీలో ఒక వంతెన పక్కన ఫోన్ చెవికి పెట్టుకుని ఏడుస్తున్న బిహార్ కూలీని తీశాడు. ఇంటి దగ్గర పసిబిడ్డ చావుబతుకుల్లో ఉన్నాడు, వెళ్లే దారి లేదు. లాక్‌డౌన్‌లో నడిచిన లక్షల మందిని చూపిన ఫొటోలకన్నా ఈ ఒక్క ముఖం ఎక్కువమందిని కదిలించింది. ఆ మనిషి ఎవరు, చివరికి ఇంటికి చేరాడా అని దేశం అడిగింది.

కెమెరా వాళ్ల చేతికే

హాంగ్‌కాంగ్‌లో ఇంటిపని చేస్తూ, యజమానురాలు ఇచ్చిన అప్పుతో కెమెరా కొనుక్కున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి క్సైజా క్రూజ్ బకాని 2014లో అంతర్జాతీయంగా పేరు పొందింది. ఆమె తల్లి కూడా అదే నగరంలో ఇంటిపనివారే. 2018 నాటి ఆమె పుస్తకం ‘వి ఆర్ లైక్ ఎయిర్’ తల్లినీ, తనలాంటి పనివారినీ, దెబ్బలు తిని ఆశ్రయానికి చేరిన స్త్రీలనూ దగ్గరగా చూపుతుంది. బయటివారికి ఏళ్లు పట్టే నమ్మకం ఆమెకు మొదటి రోజే ఉంది.

గల్ఫ్‌లోని తెలుగువారి చేతిలో ఆ పని ఫోన్ చేస్తోంది. 2024లో ఎడారిలో పశువుల కాపలాకు, ఒంటెల దగ్గరికి తోసేశారని ఏడుస్తూ మనవాళ్లు పెట్టిన సెల్ఫీ వీడియోలు మంత్రుల దాకా చేరి, కొందరు ఇంటికి రాగలిగారు. ముందు ముఖం, వెనక ఇసుక, రేకుల షెడ్డు, నీళ్ల డ్రమ్ము. పోర్ట్రెయిట్, డాక్యుమెంటరీ ఇక్కడ ఒకే చట్రంలో, ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ముఖం దాచుకుంటే ఎవరూ నమ్మరు, చూపితే కఫీల్ కూడా చూస్తాడు. మనిషి ఇల్లు చేరిన తర్వాత కూడా ఆ ఏడుపు టీవీ చానళ్ల యూట్యూబ్ పేజీల్లో అలాగే ఉంటోంది. దాన్ని తీసేయమని ఎవరిని అడగాలో ఆ కుటుంబాలకు చెప్పే ఏర్పాటు గల్ఫ్ కార్మికుల సంక్షేమం గురించి మాట్లాడే ప్రతిచోటా ఉండాలి.